చూడకుండా కొన్న పాత ట్రాక్టర్‌లో చిన్న చిన్న లోపాలు: ముందు ఏది చేయించాలి, ఏది ఆపాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇదీ. ఫోటోలు, ఒక వీడియో చూసి, కొత్త రంగు వేసిన పాత ట్రాక్టర్, దానితోపాటు ఒక రోటావేటర్ (ట్రాక్టర్ వెనక తగిలించి మట్టిని గుల్ల చేసే పరికరం) కొన్నారు. లారీ దిగిన రెండో రోజుకల్లా ఆరు లోపాలు తేలాయి. సెల్ఫ్ (ఇంజన్‌ని స్టార్ట్ చేసే మోటారు) నీరసంగా తిరుగుతోంది. ఇరవై నిమిషాలు నడిచాక ఇంజన్ దానంతటదే ఆగిపోయి, కాసేపటికి మళ్ళీ స్టార్ట్ అవుతోంది. ఇంజన్ ఆపితే లిఫ్టు (వెనక తగిలించిన పరికరాన్ని ఆయిల్ ఒత్తిడితో ఎత్తే హైడ్రాలిక్ భాగం) దిగిపోతోంది. కింద ఆయిల్ చుక్కలు పడుతున్నాయి. ఎడమ బ్రేకు సరిగా పట్టడం లేదు. ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో చూపే హవర్ మీటర్ కదలడం లేదు. "మోసపోయానా? అమ్మినాయనతో తేల్చుకోవాలా, మెకానిక్‌ని పిలిచి అన్నీ ఒకేసారి చేయించేయాలా?" అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే రెండూ ఇప్పుడే వద్దు. ఈ ఆరింటిలో వెంటనే చేయించాల్సింది బ్రేకు ఒక్కటే. అది సరయ్యేదాకా ట్రాక్టర్‌ని రోడ్డెక్కించకండి, ట్రాలీ తగిలించకండి. మిగతావి మీరు చెప్పిన తీరు చూస్తే చాలావరకు ఎక్కువ కాలం నిలబడి ఉన్నందుకూ, లారీలో ఊగుతూ వచ్చినందుకూ వచ్చినవిగానే ఉన్నాయి. అమ్మినాయనకి ఈ రెండు రోజుల్లోనే వీడియోలతో కలిపి ఒక్క మెసేజ్ పెట్టండి. ఆయిళ్ళు, ఫిల్టర్లు మార్చి ఓ పది గంటలు తేలిక పని చేయించండి. ఏది అసలు జబ్బో, ఏది కాదో అప్పుడు తేలుతుంది.

నేను పాతికేళ్ళుగా పాత యంత్రాలు కొంటూ, బాగుచేసుకుని వాడుకుంటూ వస్తున్నాను. కొన్నిటిని మళ్ళీ అమ్మాను కూడా, కాబట్టి ఈ బేరంలో రెండు వైపులా నిలబడ్డవాణ్ణే. చూడకుండా కొన్నవి ఏడెనిమిది ఉంటాయి. దిగిన రోజున ఒక్కటి కూడా వీడియోలో నడిచినట్టు నడవలేదు. వీడియో తీసేముందు ఇంజన్‌ని వేడి చేసి ఉంచుతారు, బ్యాటరీని రాత్రంతా ఛార్జింగ్‌లో పెడతారు. అమ్మకానికి పెట్టినప్పుడు నేనూ అదే చేశాను. దాన్ని మోసం అనలేం గానీ, పూర్తి నిజం కూడా కాదు.

ఇక లారీ ప్రయాణం. ఏళ్ళ తరబడి డీజిల్ ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి, తుప్పు, నీళ్ళు కదలకుండా ఉంటాయి. లారీ మీద గంటల తరబడి కుదిపేసరికి అదంతా పైకి లేచి గొట్టంలోకి, ఫిల్టర్‌లోకి వస్తుంది. అమ్మినాయన దగ్గర రోజంతా నడిచిన ఇంజన్ మీ దగ్గర ఇరవై నిమిషాలకే ఆగిందంటే ఆయన అబద్ధం చెప్పి ఉండనక్కర్లేదు. వదులుగా ఉన్న బ్యాటరీ టెర్మినల్ దారిలో ఇంకా వదులవుతుంది. ఎండిపోయిన ఆయిల్ సీల్ చెమర్చడం మొదలుపెడుతుంది. టర్బో (పొగ తోపుతో తిరిగి ఇంజన్‌లోకి గాలి నెట్టే చక్రం) ఉన్న ఇంజన్ అయితే ఇంకోటి కూడా అడిగి తెలుసుకోండి: దారిలో పొగగొట్టానికి మూత కట్టారా? కట్టకపోతే గాలి దూరి, ఆయిల్ అందని టర్బోని తిప్పుతూనే ఉంటుంది. ఇకమీదట ఏ యంత్రాన్ని లారీ ఎక్కించినా ఆ గొట్టాన్ని కట్టించండి.

అమ్మినాయనకి మొదటి ఫోన్ గొడవకి కాదు, అడగడానికి చేయండి. ఇది నేను సిగ్గుపడుతూ నేర్చుకున్న పాఠం. ఒకసారి దిగిన ట్రాక్టర్ ఎంతకీ స్టార్ట్ కాలేదు. పూట పొడవునా డీజిల్ లైను విప్పాను, బిగించాను, అందులో చిక్కిన గాలి (ఎయిర్) తీశాను. చివరికి కోపంగా ఫోన్ చేస్తే అవతలాయన తాపీగా, "స్టాప్ రాడ్ పూర్తిగా లోపలికి వెళ్ళదండీ, సగంలో పట్టేస్తుంది. చేత్తో ఇంకాస్త నెట్టండి" అన్నాడు. ఇంజన్ ఆపడానికి లాగే కడ్డీ అది. నెట్టాను. ఒక్క తిప్పుకే అందుకుంది. పాత యంత్రం ప్రతిదానికీ ఇలాంటి గుట్టు ఒకటి ఉంటుంది. క్లచ్ తొక్కితేనే సెల్ఫ్ పడేదొకటి, బ్యాటరీకి సీటు కింద విడిగా స్విచ్ ఉండేదొకటి, పీటీఓ (వెనక పరికరాన్ని ఇంజన్ బలంతో తిప్పే షాఫ్టు) లివర్ న్యూట్రల్‌లో లేకపోతే అసలు పలకనిదొకటి. పాత యజమానికి అవి అలవాటైపోయి చెప్పాలని తోచదు.

ఆ ఫోన్ అయ్యాక మెసేజ్ పెట్టండి. రోజుకొకటి చొప్పున ఆరు ఫిర్యాదులు పంపితే ఆయన రెండో రోజు నుంచి ఫోన్ ఎత్తడు. ఆరింటినీ ఒకే మెసేజ్‌లో, తేదీ వేసి, ఒక్కోదానికి చిన్న వీడియోతో పంపండి. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు కాగితాలతో సరిపోయాయో లేదో చూసి ఆ ఫోటోలు కూడా మీ దగ్గర పెట్టుకోండి. సరిపోకపోతే మాత్రం మరమ్మతు సంగతి పక్కన పెట్టి ముందు అది తేల్చుకోవాలి. ఇంకో మాట. అమ్మేటప్పుడు ఆయన చెప్పిందేమిటి, చెప్పనిదేమిటి అని విడదీయండి. "లిఫ్టు బాగా పనిచేస్తుంది" అని రాసి, అది పనిచేయకపోతే అడిగే హక్కు మీకు గట్టిగా ఉంటుంది. పాత ట్రాక్టర్‌కి రెండు చుక్కలు ఆయిల్ కారితే అది వయసు, దాని గురించి వాదించి లాభం లేదు. అడిగేదేదో తేల్చి అడగండి. "ఏదో ఒకటి చేయండి" అంటే ఎవరూ ఏమీ చేయరు. "ఈ సీల్ సామాను మీరు పెట్టుకోండి, కూలీ నేను పెట్టుకుంటాను" అంటే చాలామంది ఒప్పుకుంటారు. నాకు నలుగురిలో ముగ్గురు ఒప్పుకున్నారు.

ఇప్పుడు యంత్రం దగ్గరికి వద్దాం. రేపు పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, స్టార్ట్ చేయకముందే, చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. రాత్రంతా కదలకుండా ఉంటే ఆయిల్‌లోని నీరు అడుగుకి దిగుతుంది. గేరు బాక్సు డ్రెయిన్ బోల్టుని కొద్దిగా వదులు చేసి మొదట వచ్చే గుక్కెడుని గాజు సీసాలో పట్టండి. నీరుంటే ముందు అదే వస్తుంది. ఆ ఆయిల్ మజ్జిగలా తెల్లగా ఉంటే గేరు లివర్ రబ్బరు దగ్గర వాన నీరు దిగడమో, లోపల చెమ్మ పట్టడమో అయ్యుంటుంది. చాలా పాత ట్రాక్టర్లలో గేరు బాక్సుకీ హైడ్రాలిక్‌కీ ఒకటే ఆయిల్ కాబట్టి ఈ నీరు లిఫ్టుని కూడా పాడుచేస్తుంది. మార్చేస్తే చాలావరకు పోతుంది, రబ్బరు కొత్తది వేయించండి. ఇంజన్ ఆయిల్ మజ్జిగలా ఉంటే మాత్రం అది వేరే కథ. రేడియేటర్ నీరు ఇంజన్‌లోకి వస్తోందేమో చూడాలి. అప్పుడిక దీన్ని చిన్న లోపం అనలేం.

ఇంజన్ ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అదే డిప్ స్టిక్, తీసి వాసన చూడండి. ఇంజన్ ఆయిల్ తగ్గడం అందరూ చూస్తారు, పెరగడాన్ని ఎవరూ పట్టించుకోరు. గీత దాటి ఉండి డీజిల్ వాసన వస్తుంటే ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపులోని పొర (డయాఫ్రం) చిరిగో, డీజిల్ పంపు సీలు పోయో లోపలికి కారుతోందన్నమాట. పలచబడిన ఆయిల్‌తో నడిపితే బేరింగులు పోతాయి. ఇది బయటికి ఒక్క చుక్క కూడా కనపడని లోపం, అందుకే దీనికి నేను ఎక్కువ భయపడతాను. కింద కారే చుక్కలు ఏ చోటనుంచో మీకు చెబుతూనే ఉంటాయి, ఇది చెప్పదు.

ఇరవై నిమిషాలకి ఆగిపోయే సంగతి. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే డబ్బు వృథా అయ్యేది ఇక్కడే.

నా మొదటి చూడని బేరం ట్రాక్టర్‌కి అచ్చంగా ఇదే రోగం. నేను ఫీడ్ పంపు మార్చాను. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు విప్పించి టెస్ట్ చేయించాను. డీజిల్ పంపుని కూడా పరీక్ష బల్ల మీదికి పంపుదామనుకుంటుంటే, నాకు పని నేర్పిన పెద్దాయన వచ్చి, ఏమీ మాట్లాడకుండా డీజిల్ ట్యాంకు మూత తిప్పాడు. బుస్సుమని గాలి లోపలికి పోయిన చప్పుడు. అంతే. మూతలో గాలి కోసం ఉండే సన్న రంధ్రాన్ని ఎవరో రంగు వేసేటప్పుడు మూసేశారు. డీజిల్ ఖర్చయ్యేకొద్దీ ట్యాంకులో గాలి చాలక లాగుడు పెరిగి, ఇరవై ముప్పై నిమిషాలకి డీజిల్ రావడం ఆగిపోతుంది. కాసేపు ఆపితే సందుల్లోంచి గాలి మెల్లగా దూరి మళ్ళీ స్టార్ట్ అవుతుంది. ఒక సన్న సూదితో పోయే రోగానికి నేను రెండు వారాలు తిరిగాను.

కాబట్టి మీరు చేయాల్సింది: మూత వదులు చేసి, దుమ్ము పడకుండా పైన గుడ్డ కప్పి, గంట నడపండి. ఆగకపోతే దొంగ దొరికాడు. అప్పటికీ ఆగితే, ఆగిన వెంటనే ట్యాంకు దగ్గర గొట్టం విప్పి ధార చూడండి. లావుగా, ఆగకుండా రావాలి. సన్నగా వస్తుంటే ట్యాంకు లోపల మడ్డి ముక్క ఒకటి దారికి అడ్డం పడుతోంది. ఇది మరీ చిలిపి రోగం. ఇంజన్ లాగుతున్నంతసేపూ ఆ ముక్క రంధ్రానికి అతుక్కుంటుంది, ఇంజన్ ఆగగానే వదిలి పక్కకి తేలిపోతుంది. మీరు చూసేసరికి అంతా బాగానే ఉంటుంది. దీనికి మందు ట్యాంకు దింపి కడగడమే. ధార బాగుంటే ఫిల్టర్లు మార్చండి, అడుగున గాజు గిన్నె ఉంటే అందులో నీళ్ళున్నాయేమో చూడండి. మీ ట్రాక్టర్‌కి ఆపడానికి తాళం చెవిని తిప్పితే చాలు అయితే, డీజిల్ ఆపే ఎలక్ట్రిక్ వాల్వు వేడెక్కి పట్టు వదులుతోందేమో కూడా చూడాలి. నాజిళ్ళు, పంపు ఈ వరుసలో చిట్టచివరివి.

గొట్టాలు విప్పాక ఎయిర్ తీయడం తప్పదు. ముందు ఫిల్టర్ మీద బోల్టు, తర్వాత పంపు మీద బోల్టు, బుడగలు ఆగేదాకా చేతి పంపుతో కొట్టడం, అవసరమైతే నాజిల్ దగ్గర నట్లు వదులు చేయడం. కానీ కామన్ రైల్ ఇంజన్ (నాజిళ్ళన్నిటికీ ఒకే గొట్టం నుంచి చాలా ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే రకం) అయితే ఆ నాజిల్ నట్లు ముట్టుకోవద్దు. ఆ పైపుల్లో ఉండే ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. హైడ్రాలిక్ పైపులకీ ఇదే జాగ్రత్త. సన్న రంధ్రం ఎక్కడుందోనని ఒట్టి చేత్తో తడమకండి, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. ఆయిల్ చర్మంలోకి దిగితే పైకి చీమ కుట్టినంత గుర్తే ఉంటుంది. నొప్పి లేదని ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సిన గాయం అది.

సెల్ఫ్ నీరసం. కొత్త బ్యాటరీ కొనకండి, ముందు మల్టీమీటర్ తీయండి. రాత్రంతా వదిలేసిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12 దగ్గరుంటే దాదాపు ఖాళీ. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే ఛార్జింగ్ బాగుంది. ఇవి రెండూ బాగున్నా సెల్ఫ్ మూలిగితే, మీటరు ఒక వైరు బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజన్ మీద శుభ్రమైన ఇనుము దగ్గర పెట్టి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ (బ్యాటరీ నెగటివ్‌ని ట్రాక్టర్ ఇనుముకి కలిపే వైరు) సరిగా లేదు. మీ ఫోటోల్లో ట్రాక్టర్‌కి కొత్త రంగు ఉందన్నారు కదా, నాకు అనుమానం అక్కడే. రంగు వేసినవాళ్ళు ఎర్త్ వైరుని ఆ రంగు మీదే బిగించేస్తారు. నాకు రెండుసార్లు తగిలింది. ఉప్పుకాగితంతో ఇనుము మెరిసేదాకా గీకి, వాషర్ మార్చి బిగిస్తే కొత్త సెల్ఫ్ వేసినట్టు తిరిగింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. సెల్ఫ్ పడకపోతే కింద నిలబడి స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ మోటారు మీద టెర్మినళ్ళు కలిపి స్టార్ట్ చేసే అలవాటు చాలామందికి ఉంది. ఎప్పుడూ అలా చేయకండి. క్లచ్ తొక్కితేనో, గేరు న్యూట్రల్‌లో ఉంటేనో సెల్ఫ్ పడనిచ్చే క్లచ్ స్విచ్, న్యూట్రల్ స్విచ్ ఉంటాయి కదా, అలా కలిపితే గేరులో ఉన్నా అవేవీ దాన్ని ఆపవు. మీరు నిలబడేది సరిగ్గా వెనక చక్రానికి ముందే. అమ్మినాయన ఆ స్విచ్‌ని తప్పించి నేరుగా వైరు కలిపి ఉంటే, గేరులో ఉండగా క్లచ్ తొక్కకుండా సెల్ఫ్ పడుతుంది. ముందు ఖాళీ స్థలం చూసుకుని, సీటులో కూర్చుని, బ్రేకు మీద కాలుంచి పరీక్షించండి. పడితే ఇది కూడా బ్రేకుతోపాటు మొదటి రోజే చేయించాల్సిన పని. అప్పుడు నేను పైన "ఒక్కటే" అన్నది రెండు అవుతుంది.

బ్రేకు అన్నాను కాబట్టి దాని గురించి. రెండు పెడళ్ళూ విడివిడిగా ఉంటాయి, రోడ్డు మీద మాత్రం కొక్కెంతో కలిపి తొక్కాలి. అప్పుడు ఒక చక్రం పట్టి రెండోది పట్టకపోతే ట్రాక్టర్ ఒక పక్కకి లాగి తిరగబడొచ్చు. ముందు రాడ్ల దగ్గర సర్దుబాటు చేసి రెండు పెడళ్ళూ ఒకే ఎత్తుకి తెప్పించండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది. సర్దినా పట్టకపోతే, పొడి బ్రేకులున్న (ఆయిల్‌లో మునగని) మోడల్ అయితే, యాక్సిల్ ఆయిల్ సీల్ పోయి లైనింగు మీద ఆయిల్ పడి ఉంటుంది. ఆయిల్ తాగిన లైనింగుని పెట్రోలుతో కడిగి మళ్ళీ వేసేవాళ్ళున్నారు. రెండు రోజులు బ్రేకు బాగానే పడుతుంది, మూడో రోజు మళ్ళీ మొదటికొస్తుంది. సీలూ లైనింగూ రెండూ కలిపే మార్పించండి.

లిఫ్టు దిగిపోవడం. ఎంతసేపట్లో దిగుతోందో మీరు రాయలేదు, అసలు సంగతంతా దానిలోనే ఉంది. ఇంజన్ ఆపాక గంటల్లో మెల్లగా దిగితే పాత లిఫ్టుకి అది మామూలే. నేను వాడేవాటిలో ఒక్కటి కూడా తెల్లారేదాకా రోటావేటర్‌ని మోయదు. అసలు పైకెత్తి వదిలేయడమే తప్పు, ఇంజన్ ఆపేముందు దించాలి, ఎత్తి ఉన్నదాని కిందికి ఎవరూ పోకూడదు. అసలు పరీక్ష ఇంజన్ నడుస్తుండగా చేసేది. రోటావేటర్ ఎత్తి పట్టుకోమంటే కొన్ని సెకన్లకొకసారి ఎక్కిళ్ళు పెట్టినట్టు దిగి లేస్తోందా? అయితే లోపల పిస్టన్ సీలో, వాల్వో, ఓ రింగో వదులుతోంది. ఆ పని చేయించాల్సిందే, కానీ దానికీ తొందర లేదు. ముందు ఆయిల్ మట్టం, ఆ ఆయిల్‌ని వడకట్టే హైడ్రాలిక్ జాలీ చూడండి. కూతలాంటి చప్పుడు వచ్చి ఆయిల్ నురగ కడుతుంటే పంపు గాలి పీలుస్తోంది. ఇంకోటి, రెండు లివర్లున్న లిఫ్టు అయితే డ్రాఫ్ట్ లివర్ (నేల లాగుడుని బట్టి పరికరాన్ని ఎత్తి దించేది) సరైన చోట లేకపోయినా లిఫ్టు పిచ్చిగా ప్రవర్తిస్తుంది. లిఫ్టు పాడైందని నన్ను పిలిపించిన ఒకాయన దగ్గర నేను చేసిన మరమ్మతు ఆ లివర్‌ని నాలుగు వేళ్ళంత జరపడం.

ఆయిల్ చుక్కలు. చూసి కంగారు పడకుండా కింద భాగమంతా డీజిల్‌తో కడిగి, ఆరబెట్టి, అనుమానం ఉన్న చోట్ల టాల్కం పౌడరు చల్లి, అరగంట నడపండి. అన్నిటికంటే ఎత్తున ఎక్కడ తడిసిందో అదే మూలం. ఆయిల్ కిందికి కారుతూ, ఫ్యాను గాలికి వెనక్కి పోతూ ఉంటుంది కాబట్టి చుక్క పడే చోటుకీ, కారే చోటుకీ సంబంధం ఉండనక్కర్లేదు. సీల్ మార్చేముందు ఇంజన్ గాలి వదిలే బ్రీదర్ మూసుకుపోయిందేమో చూడండి. అది మూసుకుంటే లోపల ఒత్తిడి పెరిగి బాగున్న సీళ్ళ నుంచి కూడా ఆయిల్ తోస్తుంది. మీరు సీలు మారుస్తారు, వారానికి మళ్ళీ కారుతుంది, సీలు నాసిరకమని తిట్టుకుంటారు.

ఇంజన్‌కీ గేరు బాక్సుకీ మధ్య అడుగున ఒక చిన్న రంధ్రం, దానిలో వేలాడే చీలిక పిన్ను ఉంటాయి చాలా మోడళ్ళలో. అక్కడి నుంచి ఇంజన్ ఆయిల్ వస్తే వెనక క్రాంక్ సీలు, గేరు ఆయిల్ వస్తే ఇన్‌పుట్ షాఫ్టు సీలు. దేన్ని మార్చాలన్నా ట్రాక్టర్‌ని రెండు ముక్కలు చేయాలి. రోజుకి నాలుగు చుక్కలకి ఆ పని పెట్టుకోకండి. క్లచ్ ప్లేటు మార్చే రోజు ఎలాగూ వస్తుంది, రెండూ ఆ రోజే చేయించండి. క్లచ్ జారడం మొదలైతే ఆ రోజు వచ్చేసిందన్నమాట.

ఆ రంధ్రం గురించి ఇంకో సంగతి. నేను కొన్న ఒక ట్రాక్టర్ అడుగు పొడిగా, ముచ్చటగా ఉంది. ఇంత పాతదానికి అడుగు అంత శుభ్రంగా ఉండటం నాకే నచ్చలేదు. పడుకుని చూస్తే ఆ రంధ్రానికి గమ్ము దట్టించి ఉంది. పొడిచి తీస్తే ఒక డబ్బా ఆయిల్ దిగింది, క్లచ్ ప్లేటు అందులో నాని ఉంది. ఆయిల్ కారడం చిన్న లోపం. కారేది కనపడకుండా బిగించడం మోసం. అప్పుడు మాత్రం నేను మొహమాటపడలేదు. వీడియో పంపి, ముక్కలు చేసే కూలీతో సహా సగం ఆయన చేత పెట్టించాను. మీరు కూడా ఓసారి కింద పడుకుని చూడండి. చుక్కలు పడుతున్నాయంటే మీవాడు ఆ పని చేయలేదనే అనుకుంటున్నాను.

హవర్ మీటర్‌కి కేబుల్ తెగి ఉంటుంది, కొత్తది వేయించి ఆ రోజు తేదీ పుస్తకంలో రాసుకోండి. పాత అంకెని నమ్మి లెక్కలు వేయొద్దు. ట్రాక్టర్ ఎంత పని చేసిందో పెడళ్ళ రబ్బరు, స్టీరింగు పట్టు, పీటీఓ షాఫ్టు పళ్ళు, ట్రాలీ తగిలించే హిచ్ రంధ్రం కోలగా సాగిన తీరు చెబుతాయి. టైరు మీద చివరి నాలుగంకెలు చూడండి: 2315 అని ఉంటే 2015లో 23వ వారం తయారైందని. "కొత్త టైర్లు" అని చెప్పి ఉంటే అదొక లెక్క.

రోటావేటర్ గురించి మీరు ఏమీ అడగలేదు గానీ, నన్నడిగితే ట్రాక్టర్ కంటే అదే ముందు చూడాలి. దాని పీటీఓ షాఫ్టు వేరే ట్రాక్టర్ కొలతకి కోసింది అయ్యుంటుంది. మీదానికి పొడవెక్కువైతే లిఫ్టు ఎత్తినప్పుడు అడుగు తగిలి పీటీఓ బేరింగునో, రోటావేటర్ గేరు బాక్సునో పగలగొడుతుంది. పొట్టిదైతే పని మధ్యలో ఊడుతుంది. ఇంజన్ ఆపి, లిఫ్టుని అన్ని ఎత్తుల్లో పెట్టి చూడండి. గొట్టాలు ఒకదానిలో ఒకటి మూడో వంతైనా దూరి ఉండాలి, ఎక్కడా పూర్తిగా మూసుకోకూడదు. షాఫ్టు మీద ప్లాస్టిక్ కవరు లేకపోతే అది చిన్న లోపాల జాబితాలోకి రాదు. 540 ఆర్‌పీఎం అంటే సెకనుకి తొమ్మిది చుట్లు. చొక్కా అంచు అందుకుంటే చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి ఉండదు. కవరు వేశాకే తగిలించండి. షియర్ బోల్టు స్థానంలో ఎవరో గట్టి బోల్టు వేసి ఉంటే తీసేసి సరైనది వేయండి. అది తెగడానికే ఉంది, అది తెగకపోతే గేరు తెగుతుంది. బ్లేడు బోల్టులన్నీ ఒకసారి బిగించి, గేరు డబ్బాలోనూ పక్క డబ్బాలోనూ ఆయిల్ చూసి, గ్రీజు ఎక్కని నిపిళ్ళు మార్చేయండి.

పది గంటలు నడిపేటప్పుడు ఒక పద్ధతి పాటించండి: ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చిందేదో రాసుకోండి. మూత, ఫిల్టరు, పంపు మూడూ ఒకే పూట మారిస్తే రోగం పోయినా ఎందుకు పోయిందో తెలీదు, తిరిగొస్తే ఎక్కడ వెతకాలో తెలీదు. తీసిన పాత ఇంజన్ ఆయిల్ ఫిల్టర్‌ని పారేయకండి. కోసి, లోపలి కాగితాన్ని విప్పి వెలుతురులో చూడండి. సన్నటి బూడిద రంగు నలుసులు పర్వాలేదు, మెరిసే రేకులు కనిపిస్తే బేరింగుల సంగతి చూడాలి. మొదట్లో చెమర్చిన సీళ్ళలో ఒకటో రెండో ఈ పది గంటల్లో ఆయిల్ పీల్చుకుని వాటంతటవే ఆగిపోవచ్చు. అందుకే చుక్కల గురించి ఇప్పుడే ఎవరితోనూ బేరం మాట్లాడొద్దంటున్నాను.

ఈ పది గంటల్లో ఆపేయాల్సిన గుర్తులు కూడా చెప్పాలి. నడుస్తుండగా గేరు దానంతటదే జారిపోవడం, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి, అప్పుడు స్టార్ట్ చేసి చూస్తే ఆగకుండా బుడగలు రావడం (వేడి మీద మాత్రం ఆ మూత ముట్టుకోకండి), వేడెక్కాక కూడా పోని తెల్ల పొగ, ఎప్పుడూ వచ్చే నీలం పొగ. ఇవి ఏవైనా కనిపిస్తే నేను పైన రాసిన ఓపిక మాటలు పక్కన పెట్టండి. అమ్మినాయనకి రెండో మెసేజ్ అదే రోజు వెళ్ళాలి. నల్ల పొగకి మాత్రం ముందు ఎయిర్ ఫిల్టర్ దులపండి, సగానికి సగం అదే. రేడియేటర్ జాలీ బయటివైపు పొట్టు, దుమ్ము పట్టి ఉంటే లోపలి నుంచి బయటికి గాలి కొట్టి శుభ్రం చేయండి. వేడెక్కుతోందని, రేడియేటర్ నీటి దారిని వేడిని బట్టి తెరిచే థర్మోస్టాట్ పీకి పారేసే ముందు ఆ పని చేసినవాళ్ళు తక్కువ.

రేపు మూత వదులు చేసి గంట నడిపాక ఏమైందో రాయండి. లిఫ్టు ఎంతసేపట్లో దిగుతోందో కూడా గడియారం పెట్టి చూసి చెప్పండి. ఆ రెండూ తెలిస్తే మెకానిక్‌ని దేనికోసం పిలవాలో, అసలు పిలవాలో వద్దో చెప్పగలను. బ్రేకు కోసం మాత్రం నా జవాబు కోసం ఆగకండి.